పాత్రయు, పాత్రతయు

ధర్మవిచారమనగానే మనస్సు యుద్ధభూములకును, రాజసభలకును, అడవులలోని ఆశ్రమములకును పరుగెత్తుట సహజము. అర్జునుని సందేహము, హరిశ్చంద్రుని సత్యనిష్ఠ, శిబి త్యాగము, ఇట్టివి మాత్రమే ధర్మసంకటములని తలంచుట పరిపాటియైనది. కాని మానవుడు యుద్ధభూమికి పోవు దినములు మిక్కిలి అరుదు; వంటయింటితో పని లేని దినము ఒక్కటియు లేదు. నిత్యజీవితమును ధరించునదియే ధర్మమైనచో అది వంటయింటి అలమరలోనికి గూడ ప్రవేశింపవలెను. కేకులను, రొట్టెలను కాల్చు రేకు పాత్రలను ఎచట నుంచవలెను, ఎట్లు సర్దవలెను, ఎన్నిటిని ఉంచుకొనవలెను అను ప్రశ్న పైకి అత్యల్పముగా గన్పట్టును. ఓపికతో విచారించినచో దానిలో మూడు పెద్ద ప్రశ్నలు దాగియున్నట్లు తెలియును. వస్తువునకు మనుష్యుడు ఏమి ఋణపడియున్నాడు? అతనికి ఎంత చాలును? అతని యింటిలో ఎవరికి చోటున్నది?

ఈ విచారమునకు జంషెడ్‌పూరు తగిన స్థలము. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ స్థాపింపబడిన పిమ్మట సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలియు తావునకు సమీపమున, సాక్చి యను పల్లె చెంత కర్మాగారము లేచినది. 1912వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన అచట తొలి ఉక్కుదిమ్మె పోతపోయబడినది. 1919లో జంషెట్జీ టాటా స్మృత్యర్థము ఆ యూరికి ఇప్పటి పేరు వచ్చినది. పని వెదకికొనుచు శ్రీకాకుళము, విశాఖపట్నము, గంజాము ప్రాంతముల నుండి వేలకొలది తెలుగువారు అచటికి చేరిరి. తమ భాషను, తమ పండుగలను, తమ రాముని వెంటగొనిపోయిరి. బిష్టుపూరులో ఆంధ్రులు కట్టుకొన్న రామమందిరము అందులకు సాక్ష్యము. రైలుపెట్టెలలో తమ ఇత్తడి పాత్రలను గూడ తీసికొనిపోయిరి.

నగరపు తూర్పుభాగమున సిద్ధగోరా యున్నది. అచటి సూర్యమందిరము చెంత ఛఠ్ పండుగనాడు వేలాది జనులు నీటిలో నిలిచి సూర్యునకు అర్ఘ్యమిత్తురు. దానికి చేరువనే గోల్మురి యున్నది. 1920లో గోల్మురిలో టిన్‌ప్లేట్ కంపెనీ ఏర్పడి, 1922లో తగరపు పూతగల ఉక్కురేకును తయారుచేయ నారంభించినది. ఆ రేకు తొలుత ముఖ్యముగా కిరోసిను డబ్బాలకై ఉద్దేశింపబడినది. తరువాత బిస్కట్ల డబ్బాలకును, నూనె డబ్బాలకును వినియోగమైనది. ఆ సంస్థ 2024లో టాటా స్టీలులో విలీనమైనది. కేకు కాల్చు పాత్రను నేటికిని జనులు ‘టిన్ను’ అని పిలుచుటకు ఇట్టి తగరపు పూతయే కారణము. కనుక సిద్ధగోరాలోని గృహిణి చేతనున్న కేకు టిన్ను ఆమెకు పరాయి వస్తువు కాదు. దానివంటి రేకును ఆమె పొరుగువారి తాతలు కొలుముల వేడిమిలో చెమటోడ్చి సాగదీసిరి.

అచటి యొక తెలుగు గృహమును ఊహించుకొనవచ్చును. చిన్న క్వార్టరు, అంతకంటె చిన్న వంటయిల్లు. అలమర పై అరలలో అత్తగారి ఇత్తడి సామాను: బిందెలు, గుండిగలు, ఒక పెద్ద గంగాళము. ఇత్తడి పనికి పేరుపొందిన శ్రీకాకుళపు బుడితిలో కొన్నవి అవి. ఆమె పెండ్లిలో సారెగా వచ్చినవి. అంచుమీద ఆమె తండ్రి పేరు చెక్కియున్నది. క్రింది మూలలో కోడలి క్రొత్త సామాను: గుండ్రని కేకు టిన్నులు, పొడవైన బ్రెడ్డు టిన్ను, ఆరు గుంటల ట్రే, బిస్కట్ల పళ్లెములు. కోడలు ఇరుగుపొరుగు వారికి కేకులు చేసి యిచ్చి నాలుగు రూకలు గడించుచున్నది. ఆ టిన్నులు ఆమెకు వేడుక మాత్రమే కాక జీవనోపాధి కూడ అయినవి. కాని వానికి చోటు లేదు. ఒకదానిపై నొకటి పడవేయబడి అవి గుట్టయైనవి.

ఒకనాటి రాత్రి ఆ గుట్ట కూలినది. రాత్రి షిఫ్టుకు పోవలసియుండి కునుకు తీయుచున్న గృహస్థు అదరిపడి లేచెను. ఒక టిన్ను అంచు సొట్టపడినది. కోడలు విసిగి, “అత్తయ్యా, ఆ గంగాళమును ఎవరైన తాకి ఏడాదియైనది. దానిని అమ్మివేసినచో నా టిన్నులకు చోటు వచ్చునుగదా!” అనెను. అత్తగారు కొంతసేపు ఏమియు పలుకలేదు. తరువాత, “దానిమీద మా నాయన పేరున్నదమ్మా,” అని మాత్రము అనెను.

ఈ రెండు మాటలలో ఏది న్యాయము? రెండును న్యాయములే. సంకటము అచటనే యున్నది.

వస్తువునకు ఋణము

మొదటి ప్రశ్న వస్తువును గూర్చినది. తగరపు పూతగల పాత్ర చెడు విధమును తెలిసికొనుట ఇచట అవసరము. తగరము ఉక్కునకు కవచము వంటిది. కవచము నిండుగా నున్నంతవరకు లోని ఉక్కు క్షేమముగా నుండును. గీత పడి, తేమ తగిలిన చోట మాత్రము ఉక్కు మునుపటికంటె త్వరగా తుప్పుపట్టును. ఏలయన తగరముకంటె ఇనుమే ముందు క్షయించు స్వభావము గలది. జింకు పూత యట్లు కాదు. అది తాను ముందు క్షయించి ఇనుమును కాపాడును. కావున టిన్నును ఇనుపపీచుతో గీయుట, తడి ఆరకమునుపే అలమరలో మూసివేయుట, ఒకదానిలో నొకటి బలవంతముగా దూర్చుట, ఇవి దాని ఆయుస్సును హరించును. ఆ ప్రాంతపు వానకాలములో ఒక్క రాత్రి తడి చాలును. కడిగి, తుడిచి, ఓవెనులో మిగిలిన వేడిమియందు కొంతసేపు ఆరనిచ్చి దాచుటయు, పేర్చవలసివచ్చినపుడు నడుమ మెత్తని పాతబట్టను వేయుటయు మేలు. పళ్లెములను పరుండబెట్టుటకంటె పుస్తకముల వలె నిలువుగా నిలుపుట మంచిది. గుట్టలో అడుగుననున్న దానిని తీయుటకు పైనున్నవన్నియు దిగవలెను. నిలువుగా నున్న వానిలో ఒకటి కదలిన తక్కినవి కదలవు.

ఇది గృహకృత్యము మాత్రమేగదా, దీనికి ఆధ్యాత్మికజీవితముతో సంబంధమేమి యని కొందరు అడుగవచ్చును. సాధకుల చరిత్రలు దానికి సమాధానము చెప్పుచున్నవి. యోగీంద్రుడను యువశిష్యుడు ఒకనాడు కలకత్తా బజారులో ఇనుప బాణలి యొకటి కొని తెచ్చెను. అంగడివానిని నమ్మి, దానిని పరీక్షింపలేదు. ఇంటికి వచ్చి చూడగా అందులో చీలిక యున్నది. శ్రీరామకృష్ణులు అతనిని గట్టిగా మందలించిరి. భక్తుడగుట తెలివిమాలినవాడగుటకు అనుమతి కాదని వారి భావము. సమాధిలో దేహమునే మరచు మహాపురుషునకు బాణలిలోని చీలిక చిన్నవిషయముగా దోపలేదు. తరచు కావలసిన వస్తువు చేరువలోను, అరుదుగా కావలసినది దూరముగాను ఉండవలెననియు, చీకటిలో చేయి చాచినను దొరకునట్లు ప్రతివస్తువును తన చోటనే యుంచవలెననియు వారు బోధించినట్లు చరిత్రలు తెలుపుచున్నవి. ఊడ్చిన పిమ్మట చీపురును మూలకు విసరివేసిన యొక స్త్రీని శారదాదేవి వారించిన వృత్తాంతము సుప్రసిద్ధము. చీపురు గూడ సంసారములోని యొక అంగమనియు, ఎవరికి తగిన మర్యాద వారికి ఈయవలెననియు ఆమె బోధించిరి.

ఇతర దేశముల సాధకులును ఇట్లే తలంచిరి. క్రీస్తుశకము ఆరవ శతాబ్దిలో ఇటలీలో బెనెడిక్టు తన మఠమునకు నియమములు వ్రాయుచు, ఉగ్రాణాధికారి మఠములోని సర్వసామగ్రిని పూజావేదికపై పాత్రలతో సమానముగా నెంచవలెనని విధించెను. వారమునకొకరు వంతున వంటపని చేయు సన్న్యాసులు తమ వారము ముగియగానే పాత్రలను శుభ్రముగా, చెడకుండ తిరిగి అప్పగింపవలెను. జపానుదేశపు జెన్ గురువు డోగెను 1237లో మఠపు వంటవానికై ఒక గ్రంథమునే రచించెను. ఎత్తున నుండదగినవానిని ఎత్తునను, పల్లమున నుండదగినవానిని పల్లమునను ఉంచవలెనని అందు చెప్పెను. ఒకరినొకరు ఎరుగని ఈ మహనీయులు వంటపాత్ర విషయమున ఒక్కమాట పలుకుటకు కారణమేమి? వస్తువును పట్టుకొను చేయియే జపమాలను పట్టుకొనును. పాత్రను కడుగు వేళ పరాకుగానుండు మనస్సు, ధ్యానమునకు కూర్చుండగానే ఏకాగ్రమగునని ఆశించుట వ్యర్థము.

ఇంకొక కారణము గలదు. ఏ పాత్రయు ఒక్కని సొత్తు కాదు. ఇనుపరాయిని త్రవ్వినవాడు, కొలుమి చెంత నిలిచినవాడు, రేకును సాగదీసినవాడు, దానిని మడిచి అంచు కట్టినవాడు, వీరందరి శ్రమ ఆ చిన్న టిన్నులో నున్నది. వారి పేర్లు దానిమీద చెక్కబడలేదు. అజాగ్రత్తచేత దానిని తుప్పుపట్టించుట ఆ శ్రమను తృణీకరించుటయే.

ఎంత చాలును?

రెండవ ప్రశ్న పరిమాణమును గూర్చినది. ఎంత నేర్పుగా సర్దినను అలమర కొలత మారదు. సర్దుటకు మించిన సామాను చేరినపుడు మనుష్యుడు అలమర చిన్నదని నిందించును; తన కోరిక పెద్దదని ఒప్పుకొనడు. పతంజలి అపరిగ్రహమును యమములలో చేర్చెను. అనగా దానిని సన్న్యాసి అలంకారముగా గాక, యోగమునకు పునాదిగా నెంచెను. భాగవతము ఏకాదశస్కంధములో అవధూత తన గురువులలో ఒక కన్యను గూడ పేర్కొనెను. ఆమె వడ్లు దంచుచుండగా చేతిగాజులు గలగల మ్రోగెను. అతిథులు వినిన సిగ్గని ఒక్కొక్క గాజునే తీసివేసెను. రెండు మిగిలినను మ్రోత ఆగలేదు. చేతికి ఒక్కటి మిగిలినపుడు నిశ్శబ్దమైనది. అర్ధరాత్రి కూలిన టిన్నుల మ్రోతయు అదే పాఠమును చెప్పుచున్నది.

అయినను ఇచట తొందర పనికిరాదు. వాడనిదంతయు వ్యర్థమే, పారవేయుమని చెప్పు నేటి బోధ ఒకటి ప్రబలముగా నున్నది. వంటయింటిని లెక్కతో తీర్చిదిద్దు ప్రయత్నము క్రొత్తది కాదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమునకై మార్గరెటె షూటె-లిహోట్స్కీ యను వాస్తుశిల్పిని ఒక వంటయింటిని రూపొందించెను. అది ఇంచుమించు రెండు మీటర్ల వెడల్పును, మూడున్నర మీటర్ల పొడవును గలది. గృహిణి వేయు అడుగులను సైతము లెక్కించి, ప్రతివస్తువునకు చోటు నిర్ణయించి, పిండికిని పప్పునకును పేర్లు వ్రాసిన అల్యూమినియపు సొరుగులను అమర్చెను. అట్టి వంటయిండ్లు దాదాపు పదివేలు నిర్మింపబడినవి. స్త్రీ శ్రమను తగ్గింపవలెనను ఆమె సంకల్పము గొప్పది. కాని అడుగులను లెక్కించు కొలబద్ద అత్తగారి గంగాళమును కొలువలేదు. తండ్రి పేరు ఎన్ని అంగుళముల చోటును ఆక్రమించును? ఆ లెక్క ఏ నమూనాలోను లేదు.

అట్లని స్మృతి పేరిట సర్వమును కూడబెట్టుటయు ధర్మము కాదు. స్మృతి హృదయములో నుండవలసినది. దుమ్ము పట్టిన బిందెలో దానిని తాళమువేసి, తాకకుండ వదలివేయుట స్మృతికి గౌరవము కాదు. తనకు ఎంత చాలునో నిర్ణయించుకొనుటకు ఒక పరీక్ష చాలును: ఈ పాత్ర ఎవరికైన అన్నము పెట్టుచున్నదా, పెట్టగలదా? పెట్టుచున్నదానిని చేరువలో నుంచవలెను. పెట్టగలదానిని మరల పనిలోనికి తేవలెను. తన యింట అవకాశము లేనిచో, పెట్టగల యింటికి పంపవలెను. ఈ పరీక్ష ఇత్తడికిని రేకునకును సమానమే. ఒకే కొలతగల మూడు కేకు టిన్నులను కొని, ఒక్కదానినే వాడు కోడలును దానికి లోబడవలసినదే.

ఎవరికి చోటు?

ఇచట వైరాగ్యవాది ఒక ఆక్షేపణ తెచ్చును. రేకుపాత్రపై ఇంత శ్రద్ధ మమకారము కాదా? ఆక్షేపణ బలమైనదే. శ్రద్ధకును మమకారమునకును పైరూపము ఒక్కటే; రెండును కడుగును, తుడుచును, భద్రపరచును. భేదము పొరుగువారు తలుపు తట్టినపుడు బయటపడును. బిడ్డ పుట్టినరోజునకై పొరుగింటి తల్లి ఒక టిన్ను అడిగినపుడు, “గీతలు పడునేమో” యని ముఖము చిట్లించుకొనునది మమకారము. తుడిచి యిచ్చి, తిరిగి వచ్చినపుడు తుడిచి దాచునది శ్రద్ధ. అజాగ్రత్త వైరాగ్యము కానేరదు. చోటు తెలియక పోగొట్టుకొన్నవాడు విరాగియై సంతసింపడు. కోపముతో ఇల్లంతయు వెదకి, దొరకక రెండవది కొనును. అతడు వస్తువును వదలలేదు, వస్తువే అతనిని వేధించుచున్నది. అదే విధముగా, ఇతరుల చేయి తగిలినచో సహింపలేని సర్దుబాటు సైతము రోగమే. తళతళలాడు అలమర ముందు ఇంటివారు భయముతో నిలువవలసివచ్చినచో, అచట పాత్రలకు చోటు దొరకినది గాని మనుష్యులకు పోయినది.

అరణ్యపర్వములోని అక్షయపాత్ర ఇందులకు గొప్ప దృష్టాంతము. వనవాసమునకు పోయిన ధర్మరాజు తన వెంట వచ్చిన బ్రాహ్మణులకు అన్నము పెట్టలేక దుఃఖించి సూర్యునుపాసింపగా, సూర్యుడు ఆ పాత్రను ప్రసాదించెను. రాజ్యమును, కోశమును పోగొట్టుకొన్న వారికి ఒక్క పాత్ర చాలినది. కాని దానికొక నియమము గలదు: ద్రౌపది భుజించువరకే అది ఆనాటికి అక్షయము. కనుక ఆమె అతిథులు, బ్రాహ్మణులు, భర్తలు భుజించిన పిమ్మటనే భుజించెడిది. పాత్ర యొక్క మహిమ లోహములో లేదు, వడ్డించు క్రమములో నున్నది. ఇతరులకు ముందు చోటిచ్చినంతకాలము అది తరుగలేదు.

మన భాష ఈ రహస్యమును ఒక్క మాటలో దాచినది. గిన్నెయు పాత్రయే, దానము గైకొనదగినవాడును పాత్రుడే, ఆ యోగ్యతయే పాత్రత. బోర్లించిన పాత్రలో ఏమియు నిలువదు. చిల్లుపడిన దానిలో పోసినది కారిపోవును. మురికిదానిలో పోసినది చెడును. కడుగబడి, చిల్లులేక, వెల్లకిల యున్నదే పాత్ర. ప్రతిదినము వంటయింటిలో పాత్రలను ఈ మూడు విధముల పరీక్షించు గృహిణికి తన మనస్సును అట్లే పరీక్షించుకొను అవకాశము ప్రతిదినమును లభించుచున్నది.

మరల సిద్ధగోరాలోని యింటికి పోవుదము. మరునాటి ఉదయమున అత్తగారు కోడలి టిన్నులలో నొకదానిని చేతబట్టుకొని, “ఇది దేనితో చేసినదే అమ్మాయీ?” అని అడిగెను. తగరపు పూతగల రేకని కోడలు చెప్పగా ఆమె ఆశ్చర్యపడెను. గంగాళమును దింపించి లోపలి తెల్లని పూతను చూపెను. ఇత్తడి పాత్రలో పులుపు వండిన చిలుమెక్కి చెడును; అందుచేత తెలుగిండ్లలో లోపల తగరముతో కళాయి వేయించెదరు. ఆ పూత అరిగిన కొలది వీధిలోనికి వచ్చు కళాయివాని చేత మరల వేయించుకొనెడివారు. అత్తగారి పాత్రను కాపాడినది తగరమే, కోడలి పాత్రను కాపాడుచున్నదియు తగరమే. వారి చిన్నతనమున క్రింద నిప్పులు, మూతపైన నిప్పులు పెట్టి దిబ్బరొట్టెను కాల్చిన సంగతి అత్తగారికి జ్ఞప్తికి వచ్చెను. పైనను క్రిందను వేడిమి నిచ్చు ఓవెనులో కోడలు చేయుచున్నదియు అదే పని. ఇంతకాలము పరాయివిగా తోచిన రేకుపాత్రలు ఆమెకు ఆనాడు చుట్టములైనవి.

పిమ్మట కర్తవ్యము తేలికయైనది. గంగాళమును తోమి, ఆరబెట్టి, అడుగున మడతబట్ట పరచి, గుండ్రని టిన్నులను నడుమ బట్టలుంచి అందులో నిలువుగా అమర్చిరి. అమ్ముడుపోవలసిన పాత్రయే తక్కినవానికి ఇల్లైనది. నిత్యము కావలసిన బ్రెడ్డు టిన్నును, పళ్లెములును చేతికందు అరలోనికి చేరినవి. ఉగాదికిని, శ్రీరామనవమికిని టిన్నులు దిగి, గంగాళము పులిహోరకు పనికివచ్చును. అందులకై దానికి మరల కళాయి వేయింప నిశ్చయించిరి. రెండు గుండిగలను అత్తగారు తానుగా రామమందిరమునకు పంపెను. ఒక యింటి మూలలో ఎవరును చదువని తండ్రి పేరు, ప్రసాదము వడ్డించు వేళ పలువురి కన్నులబడును. అధికముగా నున్న రెండు టిన్నులను కోడలు, పని నేర్చుకొనుచున్న పొరుగింటి పిల్లకు ఇచ్చెను. ఎవరి సామానును ఎవరును పారవేయలేదు. ఇద్దరును కొంత విడిచిరి, ఇద్దరికిని చోటు దొరకినది.

ఛఠ్ వ్రతము చేయు పొరుగువారు ఆ ప్రసాదమునకై ప్రత్యేకపాత్రలను వేరుగా దాచుకొందురు; తెలుగిండ్లలో మడిపాత్రలను దాచుకొనినట్లే. దేవునికై దాచిన పాత్రను శుచిగా నుంచుట అందరికిని తెలిసినదే. ఆకలిగొన్నవానిలో దేవుని జూచువారికి మాత్రము వంటయింటిలోని ప్రతిపాత్రయు అట్టిదే. అట్టి యింటిలో దీపము లేని రాత్రి, ఆకలితో ఎవరైన వచ్చినపుడు, గృహిణి చీకటిలో చేయి చాచును. పాత్ర తన చోటనే యుండును.